నాలుగు నాలుగు ఒకటి ఏడు

మంగళవారం పదకొండింటికి మీటింగు.
లింకు పొద్దున్నే వస్తది, సిగ్నలే రాదు.
మా ఖానాపురంల అది ఇంట్లకు దిగదు,
మనమే మిద్దెక్కాలె.
ఎండకాలం చపాటా మిరపకాయల నడుమ,
వానకాలం గొడుగు కింద
పీటేసుకుని, ఫోను ముఖానికెదురుంగ పట్టుకుంటే
అప్పుడు తెరుసుకుంటయ్ గడులు.

ఓనగుంటల పీట లెక్క ఉంటది తెర,
గుంటకొక్క గింజ.
నర్సంపేట ముంతాజ్ వెనుక పాత క్యాలెండరు.
రేగొండ ఆగమ్మది నుదురే, ఎప్పుడు చూసినా నుదురే.
పరకాల నాగుబాయి గడిల ఫ్యాను తిరుగుతది,
ఆమె కనవడదు.
మూడు జిల్లాల ఆశాలం, నలభై రెండు మందిమి.

సారు హన్మకొండల ఉంటడు.
ఏసీ చప్పుడు ముందొస్తది, ఆయన తర్వాత.
"అందరు మ్యూట్ పెట్టుకోండమ్మా" అంటడు.
పెట్టుకుంటం.
మైకు బొమ్మ మీద అడ్డంగ ఎర్ర గీత,
మా వేలితోని మేమే గీసుకుంటం.

ఎవరి గొంతు లేస్తే వాళ్ల గడి చుట్టూ
పచ్చ గీత మెరుస్తది.
మిరప ఘాటుకు ఓసారి నాకు తుమ్మొచ్చింది,
మ్యూట్ మరిచిన,
మూడు జిల్లాల తెరల మీద నా గడే వెలిగింది.
ఏడేండ్ల పనిల సారు నన్ను చూసింది
ఆ ఒక్క తుమ్ముకే.

కంప్యూటర్ కోర్సు చదివే మా చెల్లె బిడ్డ శ్రావ్య చెప్పింది:
మాట ఉన్నదున్నట్టు పోదట.
చిక్కుడుకాయ తుంచినట్టు తుంచుతదట మిషిను,
ముక్కముక్కకు నంబరేసి ఇడిసిపెడతదట.
ఏ ముక్క ఏ తొవ్వల పోతదో దానిష్టం.
అవతల మల్ల వరుస పెడతదట.
రాని ముక్క కోసం జరసేపు చూసి
ఇగ చూడదట.
"ఆగితే మాట చల్లారిపోతది పెద్దమ్మా" అన్నది.

ఒక గడిల ముఖముండదు, పేరుండదు.
నంబరు చివరి అంకెలే:
నాలుగు నాలుగు ఒకటి ఏడు.
తాడ్వాయి అవతలి పోడెం సమ్మక్క.
బొత్తాల ఫోను. గుట్ట మీది బండెక్కి కలుస్తది.

శ్రావణంల, ముసురు పట్టిన నాడు, ఆమె వంతొచ్చింది.
"నమస్తే సార్... ముగ్గు... వాగు... కిట్టుల రెం... మా..."
"హలో, కట్ అవుతున్నది.
ఫోర్ ఫోర్ వన్ సెవెన్, వాట్సాప్ చేయండి. నెక్స్ట్."
బొత్తాల ఫోన్ల వాట్సాపు ఏడిది?

మీటింగయింది. గడులు ఒక్కొక్కటి ఆరినయ్.
ముంతాజ్ నాకు కొట్టింది,
నేను ఆగమ్మను కలిపిన, ఆగమ్మ నాగుబాయిని.
నాకు ముగ్గురన్నట్టు ఇనవడ్డది.
ముంతాజ్‌కు వాగు దాటలేమని.
"చిన్నపిల్లకే రెండు గీతలొచ్చినయట" నాగుబాయి.
ఎన్నడూ నోరిప్పని నుదురు, ఆగమ్మ,
"మాత్రలు రేపటిదాకనే ఉన్నయన్నది" అన్నది.
"నువ్వెట్ల ఇన్నవే?"
"నేను ఫోను చెవికే పెట్టుకుంట గదా. అందుకే నుదురు."

నాలుగు ఊర్ల పడ్డ ముక్కలకు
మేమే నంబర్లేసినం.

మందుల డబ్బా పస్రా దాక బస్సుల పోయింది,
అక్కడికెల్లి ట్రాక్టరు,
అక్కడికెల్లి ఎవరి నెత్తి మీదనో.
చేరిందని చెప్పెటోళ్లు లేరు.
ఏడు దినాలు ఆమె నంబరు
కవరేజి బయటనే.
రాని ముక్క కోసం చూసుకుంట కూసున్నం.

మల్ల మంగళవారం. గొడుగు, పీట, గడులు.
సారు స్లైడ్లు చూపిస్తున్నడు,
ఆయన తెర మీద మేం లేం.
పదకొండుంబావుకు ఓ గడి పెరిగింది:
నాలుగు నాలుగు ఒకటి ఏడు.
మాట లేదు.
నీళ్ల చప్పుడు. నడుమ ఓ చిన్నపిల్ల
దేనికోసమో గట్టిగ మారాం.
పచ్చ గీత వెలుగుతది, ఆరుతది, వెలుగుతది.

"ఆ చప్పుడెవరిదమ్మా? మ్యూట్ పెట్టుకోండి."

నలభై ఒక్క మందిమి
మ్యూట్‌లనే ఉన్నం.